మరమ్మతు ఇల్లా? సిద్ధమైన ఇల్లా?

ఇషా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయిన తర్వాత ఒక యువకుడు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. కర్నూలులో మోటారు సైకిళ్ళు బాగుచేసే చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పదకొండేళ్ళుగా ఉంటున్న కిరాయి ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఖాళీ చేయక తప్పదు. చేతిలో ఉన్నది 18 లక్షల రూపాయలు.

“మౌలానా సాబ్, రెండు ఇళ్ళు చూశాం. ఏది కొనమంటారు?” అని అడిగాడు.

మొదటిది పాత ఊళ్ళో, మసీదుకు పది గడపల దూరంలో ఉంది. ధర 15 లక్షలు. పాతకాలపు మిద్దె. కట్టె దూలాలు, వాటి మీద నాపరాళ్ళు, పైన మట్టి. వాన పడితే వెనక గదిలో గిన్నెలు పెట్టుకోవాలి. స్నానాల గదికి తలుపు లేదు. రిజిస్ట్రేషను ఖర్చులు పోగా మరమ్మతుకు మిగిలేది రెండు లక్షల లోపే. రెండవది ఊరి బయట కొత్త అపార్టుమెంటులో మూడో అంతస్తు. ధర 38 లక్షలు. తాళం చెవి తీసుకుని సామాను దించుకోవడమే తరువాయి. తక్కువపడే 20 లక్షలు బ్యాంకు ఇస్తుంది.

మేము మేస్త్రీలం కాము. ఏ దూలం ఎన్నేళ్ళు ఆగుతుందో చెప్పలేము. ఆ సంగతి తెలిసినవారినే అడగమన్నాము. కాని ఈ ప్రశ్నలో ధర్మానికి సంబంధించిన భాగం కూడా ఉంది. అది ఆ యువకుని ఒక్కడి ప్రశ్నా కాదు. ఏడాదిలో కనీసం నాలుగైదు కుటుంబాలవారు ఏదో ఒక రూపంలో మమ్మల్ని దీని గురించి అడుగుతుంటారు. అందుకే ఆయనకు చెప్పినదాన్నే కాస్త విపులంగా ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా లెక్క చూద్దాం. 20 లక్షలను 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 18 వేలు కట్టాలి. 240 నెలలు గడిచాక కట్టింది కూడితే 43 లక్షలు దాటుతుంది. తీసుకున్నది 20, అదనంగా ఇచ్చుకున్నది 23. దుకాణంలో బండ్లు రాని నెల కూడా ఆ వాయిదా ఆగదు.

లెక్క కన్నా పెద్ద విషయం ఆజ్ఞ. వడ్డీని విడిచిపెట్టని వారిపై అల్లాహ్ తరఫున, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ బఖరా సూరా హెచ్చరిస్తోంది. వడ్డీ తినేవాడితో పాటు ఇచ్చేవాణ్ణి, పత్రం రాసేవాణ్ణి, సాక్షులుగా నిలిచేవారిని కూడా దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. “మేము తినడం లేదు కదా, ఇస్తున్నాం అంతే” అనేవారు ఈ హదీసును నిదానంగా చదవాలి.

“అందరూ తీసుకుంటున్నారు కదా, నిర్బంధ పరిస్థితిలో అనుమతి ఉందట కదా” అని ఆ యువకుడు అడిగాడు. ఈ మాటను కొట్టిపారేయకూడదు. 1999లో యూరపు ఫత్వా మండలి, అక్కడి ముస్లిములు నివాసం కోసం బ్యాంకు రుణంతో ఇల్లు కొనుక్కోవచ్చని, కొన్ని షరతులతో అభిప్రాయం ప్రకటించింది. దానిపై పండితుల్లో చాలా చర్చ జరిగింది. మన దేశంలోని ఉలమాలలో అత్యధికులు దాన్ని ఇక్కడికి వర్తింపజేయలేదు. సరే, వర్తిస్తుందనే అనుకుందాం. ఆ షరతులు ఏమిటి? ఇల్లు తన నివాసానికే కావాలి. వేరే ఇల్లు ఉండకూడదు. వడ్డీ లేని మరో మార్గం ఉండకూడదు. ఆ చివరి షరతు దగ్గర ఆగండి. పాత ఊళ్ళో 15 లక్షల ఇల్లు తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. కారుతున్నది నిజమే, కాని అది ఇల్లే. అది ఉన్నంత కాలం మనది నిర్బంధం కాదు. మనం తప్పించుకోవాలనుకుంటున్నది నిరాశ్రయాన్ని కాదు, గిన్నెలు పెట్టుకునే వెనక గదిని. ఆకలితో ప్రాణం పోయేవాడికి నిషిద్ధ ఆహారం అనుమతించబడింది. రొట్టె ఎండిపోయి ఉందన్నవాడికి ఆ అనుమతి లేదు.

మన దేశంలో బ్యాంకుల ద్వారా వడ్డీ లేని ఇంటి రుణం దొరికే మార్గం ఏర్పడలేదు. ఇస్లామీయ బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించుకుంది. ఇక మిగిలిన దారులు చిన్నవి. బంధువుల నుండి ఖర్జె హసనా తీసుకోవడం ఒకటి. అమ్మేవాడితోనే మాట్లాడుకుని వాయిదాల మీద కొనడం మరొకటి. వాయిదాల ధర రొక్కపు ధర కన్నా ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. అయితే బేరం కుదిరేటప్పుడే మొత్తం ధర ఒకటే అంకెగా తేలిపోవాలి, ఆలస్యమైతే పెరిగే షరతు ఉండకూడదు. అప్పు ఏదైనా రాసుకోవాలన్నది ఖుర్‌ఆన్ ఆదేశం. అన్నదమ్ముల మధ్య రాతకోతలేమిటని మొహమాటపడే ఇళ్ళలోనే ఎక్కువ గొడవలు చూశాము.

ఎవరో పెద్దమనిషి ఆయనకు భోగ్యం సలహా కూడా ఇచ్చాడట. యజమానికి ఏడెనిమిది లక్షలు ఇచ్చి, కిరాయి లేకుండా ఇంట్లో ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ సొమ్ము పూర్తిగా తిరిగి తీసుకోవడం. దీన్ని మన ముస్లిం ఇళ్ళలో గిర్వీ అంటారు, ఏమీ కాదనుకుంటారు. అప్పిచ్చినందుకు ఉచిత నివాసం లాభంగా పొందడమే అది. వడ్డీ రూపాయల్లో లేదు, గదుల్లో ఉంది. అంతే తేడా.

కాబా గోడలు చెప్పే సంగతి

ఈ విషయంలో మాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చేది కాబా గృహం. మన ప్రవక్త (స) వయస్సు 35 సంవత్సరాలు ఉన్నప్పుడు, అంటే దైవదౌత్యానికి ఐదేళ్ళ ముందు, ఖురైషులు కాబాను తిరిగి నిర్మించారు. గోడలు దెబ్బతిన్నాయి. కూల్చి కట్టక తప్పదు. అప్పుడు వారు ఒక నియమం పెట్టుకున్నారని ఇబ్నె ఇస్‌హాఖ్ తన సీరత్ గ్రంథంలో రాశారు. వ్యభిచారపు సంపాదన, వడ్డీ సొమ్ము, ఎవరి నుండైనా అన్యాయంగా లాక్కున్న సొమ్ము ఈ నిర్మాణంలో కలపకూడదు. వీరెవరు? వడ్డీ వ్యాపారం చేసేవారే. విగ్రహాలను పూజించేవారే. అయినా అల్లాహ్ గృహం దగ్గరికి వచ్చేసరికి ఏ సొమ్ము శుభ్రమైనదో, ఏది కాదో వారికి బాగా తెలుసు.

ఖర్చుకు సొమ్ము చాలలేదు. అప్పుడు వారేం చేశారు? కొరతను వడ్డీ సొమ్ముతో పూడ్చలేదు. ఇంటినే చిన్నది చేశారు. హజ్రత్ ఇబ్రాహీం (అలై) వేసిన పునాదిలో కొంత భాగాన్ని గోడల బయటే వదిలేశారు. ఖర్చు తక్కువపడటం వల్లనే అలా వదిలారని దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)కి చెప్పిన విషయం బుఖారీలో ఉంది. ఆ భాగమే హతీం. ఈనాటికీ హజ్ యాత్రికులు దాని బయట నుండే తవాఫ్ చేస్తారు. శుభ్రమైన సొమ్ము ఎంతవరకు వచ్చిందో గోడ అంతవరకే వచ్చింది.

భూమి మీద అన్నిటికన్నా పవిత్రమైన ఇల్లు ఇలా తక్కువ కొలతతో నిలిచి ఉండగా, మన వెనక గది మీద ఒక సంవత్సరం పాటు రేకులు ఉంటే మన గౌరవానికి లోటేమిటి?

కష్టమే పుణ్యం కాదు

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. పాత ఇల్లు కొన్నవాడు భక్తిపరుడు, కొత్త ఇల్లు కొన్నవాడు లోకవ్యామోహి అని కొందరు మాట్లాడతారు. ఇది తప్పు. విశాలమైన ఇంటిని, మంచి పొరుగును మనిషి సౌభాగ్యంలో భాగంగా దైవప్రవక్త (స) పేర్కొన్నారు. 38 లక్షలు ధర్మసమ్మతంగా చేతిలో ఉన్నవాడు ఆ అపార్టుమెంటు ఇల్లు కొని, బిస్మిల్లాహ్ అని లోపలికి అడుగుపెడితే అందులో తప్పేమీ లేదు. ఆయన్ను చూసి పెదవి విరిచేవాడే తన మనసును చూసుకోవాలి.

ప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు రెండూ జరిగాయి. వెంటనే ఉండటానికి హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గారి ఇల్లు దొరికింది. మస్జిద్, దాని పక్కన గదులు పూర్తయ్యే దాకా దాదాపు ఏడు నెలలు ఆ ఇంట్లోనే ఉన్నారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. మస్జిద్ కోసం ఎన్నుకున్న స్థలం మాత్రం సిద్ధమైనది కాదు. అక్కడ పాత సమాధులు, పాడుబడిన గోడలు, ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. వాటిని తొలగించి, నేల చదును చేయవలసి వచ్చింది. ఆ స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నారు. ప్రవక్త (స) ఒప్పుకోలేదు, ధర చెల్లించే తీసుకున్నారు. తర్వాత సహచరులతో కలిసి స్వయంగా ఇటుకలు మోశారు. అంటే అప్పటి అవసరానికి సిద్ధమైన నీడ, శాశ్వతమైన దానికి ఓపికతో కూడిన శ్రమ. రెండిటిలోనూ ఎవరి హక్కూ పోలేదు.

ఆ యువకుడు వెళ్ళిన మరునాడు ఆయన భార్య మా ఇంట్లోవాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆయన మాతో చెప్పని సంగతులు ఆమె చెప్పింది. 18 లక్షల్లో నాలుగు లక్షలు ఆమె నగలు అమ్మగా వచ్చినవి. ఇక రెండో సంగతి. “ఆయన పొద్దున దుకాణానికి పోతారు, రాత్రి వస్తారు. పనివాళ్ళు ఇంట్లో తిరుగుతుంటే నేను, పిల్లలు రోజంతా ఎక్కడ ఉండాలి? తలుపు లేని గదిలో ఎట్లా స్నానం చేయాలి?” అని అడిగిందట.

మేము సిగ్గుపడ్డాము. రాత్రి అంతసేపు వడ్డీ గురించి, కాబా గురించి మాట్లాడాము. ఆ తలుపు గురించి మాత్రం అడగలేదు. ఇంటి మరమ్మతు అనే మాట మగవారి నోట తేలికగా వస్తుంది. దుమ్ము తుడిచేది, వంట సామాను ఒక మూల నుండి మరో మూలకు మోసేది ఆడవారు. భార్యకు తన స్థోమత మేరకు తగిన నివాసం కల్పించడం భర్త బాధ్యత. ఆమె పరదాకు, ఆమె వస్తువులకు భద్రత ఉన్న చోటు ఉండాలని మన హనఫీ ఫిఖా గ్రంథాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఇది దయ కాదు, హక్కు. కనుక పాత ఇల్లు కొనేవాడు ముందు కప్పుకు రంగులు వేయకూడదు. ముందు స్నానాల గది తలుపు, తర్వాత వంటగది, ఆ తర్వాతే మిగతావి. వీలైతే మొదటి రెండు నెలలు కిరాయి ఇంట్లోనే ఉండి ఆ పనులు ముగించుకోవాలి.

నగల సంగతి కూడా అంతే. స్త్రీ సొమ్ము స్త్రీదే. ఆమె సంతోషంగా ఇస్తే తీసుకోవచ్చు. అయితే అది అప్పా, కానుకా, ఇంట్లో భాగమా అన్నది ముందే తేలాలి. భాగమైతే దస్తావేజులో ఆమె పేరు ఉండాలి. “ఇంట్లో అందరిదీ ఒకటే” అనే తీపి మాట విడాకుల రోజున, వారసత్వం పంచే రోజున ఎవరికీ గుర్తుండదు.

పాత గోడల వెనక ఏముంది

పాత ఇల్లు చవకగా వచ్చినప్పుడు ఎందుకు చవకో అడగాలి. కర్నూలు పాత ఊళ్ళో 2009 అక్టోబరు వరద ఎవరికి తెలియదు? ఏ గోడ దాకా నీళ్ళు వచ్చాయో అమ్మేవాడికి తెలుసు. కొత్త సున్నం వేసి ఆ గుర్తు చెరిపేస్తే అది వ్యాపారం కాదు, మోసం. బజారులో ధాన్యపు రాశిలోకి ప్రవక్త (స) చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. అయితే జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు, మోసగించేవాడితో తనకు సంబంధం లేదన్నారు. తడిసిన ధాన్యమైతేనేం, తడిసిన పునాది అయితేనేం? లోపం దాచి అమ్మితే, తెలిసిన తర్వాత సొత్తు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి షరీఅత్ ఇచ్చింది. ఏ లోపానికీ నాది పూచీ కాదని రాయించుకుని అమ్మినవాడు ఆ తగాదా నుండి బయటపడవచ్చు. తెలిసీ దాచిన పాపం నుండి బయటపడడు.

కొత్త ఇంటికి ఈ ప్రశ్నలు వర్తించవని అనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగాయి. వాటిలో కొత్తగా రంగులు వేసిన ఇళ్ళూ ఉన్నాయి. నిగనిగలాడే టైల్సు కింద చెరువు శిఖం ఉందో, వక్ఫ్ భూమి ఉందో పత్రాల్లోనే తెలుస్తుంది. వక్ఫ్ భూమి మీద లేచిన ఇల్లని తెలిసీ “అందరూ కొంటున్నారు” అని కొనే ముస్లిములను ఏమనాలో మాకు తోచదు.

పాత ఇళ్ళలో మరో దాగిన లోపం ఉంటుంది. ఏ మేస్త్రీ కనిపెట్టలేడు. ఆడపిల్లల వాటా. ఆ పాత ఊరి ఇంటిని అమ్ముతున్నది ముగ్గురు అన్నదమ్ములు. తండ్రి పోయి చాలా కాలమైంది, తల్లీ లేదు. “అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని మేము అడిగాము. ఆ యువకుడికి తెలియదు. మరో రెండు రోజులకు తెలుసుకుని వచ్చాడు. ఇద్దరు ఉన్నారు, ఆదోనిలో. పెళ్ళిళ్ళప్పుడు ఖర్చు పెట్టాం కనుక వారికి ఏమీ లేదని అన్నదమ్ములు అన్నారట.

పెళ్ళి ఖర్చు వారసత్వం కాదు. అన్నిసా సూరాలో కొడుకు వాటాలో సగం కూతురిదని అల్లాహ్ నిర్ణయించాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, ఇతర వారసులు లేరంటే మొత్తం ఎనిమిది భాగాలు. కొడుకుకు రెండేసి, కూతురికి ఒక్కొక్కటి. 15 లక్షల్లో ఒక్కో ఆడపిల్లకు 1,87,500 రూపాయలు. జానెడు నేల అన్యాయంగా తీసుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హదీసు. ఆ ఇద్దరి సమ్మతి లేకుండా కొంటే, వడ్డీ నుండి తప్పించుకుని గసబ్‌లో పడినట్టవుతుంది. ఇల్లు చవకగా రావడానికి అసలు కారణం కారే కప్పు కాకపోవచ్చు.

ఇక ఇల్లు కొన్నాక మరమ్మతు మొదలవుతుంది. పాత ఊళ్ళో గోడలు ఉమ్మడివి. తన గోడకు పొరుగువాడు దూలం ఆనించుకోవడాన్ని అడ్డుకోవద్దని ప్రవక్త (స) చెప్పారు. అంటే మన దూలానికి పొరుగువాడి గోడ, పొరుగువాడి దూలానికి మన గోడ. పని మొదలుపెట్టే ముందు వెళ్ళి సలాం చెప్పి, ఎన్ని రోజులు చప్పుడు ఉంటుందో చెప్పడం ఎంత పని? కూలీలకు చెమట ఆరకముందే కూలి ఇవ్వాలి. సొమ్ము లేని వారం పని ఆపుకోవాలే గాని, పని చేయించుకుని సొమ్ము ఆపుకోకూడదు.

వాస్తు పేరు చెప్పి గట్టి గోడను కూల్చి గుమ్మం తిప్పించే ముస్లిం ఇళ్ళు కూడా ఉన్నాయి. దాని గురించి మరోసారి రాస్తాము. రాయలసీమలో పాత ఇల్లు కొన్నవాడికి ఎవరో ఒకరు గుప్తనిధి కథ కూడా చెబుతారు. అల్ కహఫ్ సూరాలో వాలిన గోడ కింద నిధి ఉన్నమాట నిజమే. కాని హజ్రత్ ఖిజర్ (అలై) ఆ గోడను తవ్వలేదు, నిలబెట్టారు. అదీ ఇద్దరు అనాథల కోసం, తమకు అన్నం పెట్టని ఊళ్ళో, కూలి తీసుకోకుండా.

మరమ్మతు మొదలుపెట్టినవారికి అది ఎప్పటికీ తీరని వ్యసనంగా మారడం కూడా చూశాము. ఈ ఏడాది గచ్చు, వచ్చే ఏడాది గేటు, ఆపై ఏడాది పై అంతస్తు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి), ఆయన తల్లి కలిసి తమ గోడకు మట్టి మెత్తుతుండగా ప్రవక్త (స) అటుగా వెళ్ళారు. ఏమిటిదని అడిగారు. బాగుచేసుకుంటున్నామని ఆయన చెప్పారు. అసలు ఘడియ దీని కన్నా త్వరగా వచ్చేలా ఉందని ప్రవక్త (స) అన్నారు. గోడ మెత్తవద్దని మాత్రం అనలేదు. హజ్రత్ ఖబ్బాబ్ (రజి) కూడా, విశ్వాసి పెట్టే ప్రతి ఖర్చుకూ ప్రతిఫలం ఉంది గాని మట్టిలో పెట్టేదానికి లేదని చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన స్వయంగా గోడ కట్టుకుంటూ ఉన్నారు. అవసరానికి మించిన కట్టడాల గురించే ఆయన అన్నారని పండితులు వివరించారు. గోడ కట్టే చేతులే ఆ మాట అన్నాయి కనుక మాకు ఆ వివరణ సరిగానే అనిపిస్తుంది.

ఆ యువకుడు ఇంకా బయానా ఇవ్వలేదు. ఆదోని వెళ్ళి ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళను కలిసి వచ్చాడు. తన వాటా సొమ్ము అన్నల చేతికి కాక తన చేతికే వస్తే సంతకం పెడతానని పెద్దామె చెప్పింది. చిన్నామె ఆలోచించుకుంటానంది. అన్నదమ్ములు మొదట కోప్పడ్డారు, ఇప్పుడు మెత్తబడుతున్నారట. మొన్న జుమా తర్వాత కనిపించి, వెనక గది దూలం చూపించడానికి మేస్త్రీని తీసుకెళుతున్నానని చెప్పాడు. స్నానాల గది తలుపు కొలతలు తన భార్య అప్పటికే తీసుకుని వచ్చిందట.